మూడు కార్డులూ మధ్యాహ్నం రెండు గంటలూ

గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద ఓవర్‌క్లాక్ అన్న మాట కనిపిస్తే చాలు, దుకాణానికి వచ్చిన మనిషి నడుము నిటారుగా అవుతుంది. అంతవరకూ మౌసు మీద యాభై రూపాయలు తగ్గించమని గంటసేపు కొట్లాడినవాడు కూడా బేరం మరచిపోతాడు. గోదావరిఖనిలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతూ ఇన్నేళ్లలో నేను చూసిన మహిమల్లో ఇదొకటి. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడికి దండం పెట్టి వచ్చినవాణ్ని. నాకొచ్చిన ఇంగ్లీషంతా ఇలాంటి డబ్బాల మీద చదువుకున్నదే. అబద్ధాలు కూడా అక్కడే నేర్చుకున్నాను కాబట్టి, చదువు పూర్తయినట్టే లెక్క.

అసలు సంగతి చాలా చిన్నది. కంప్యూటర్లో బొమ్మల పని చూసే ఈ కార్డుల లోపల చిప్పు ఒకటే. ఒక కంపెనీవాడు దానికి రెండు ఫ్యాన్లు బిగించి మామూలు వేగంతో పంపుతాడు. రెండోవాడు మూడు ఫ్యాన్లు బిగించి, ఫ్యాక్టరీలోనే వేగాన్ని ఒక ముల్లు అటు జరిపి, దానికి ఓవర్‌క్లాక్ అని పేరు పెడతాడు. మూడోవాడు ఇవన్నీ చేసి, పైన రంగుల లైట్లు దిగేసి, పెళ్లి బరాత్ బండిలా తయారుచేసి పంపుతాడు. ఆ జరిపిన ముల్లు ఎంత అంటే, మనం బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంటే ఎంత తొందరగా చేరతామో అంత. ధర మాత్రం ఆటో మాట్లాడుకున్నంత.

ఇక ఫోనులో వీటిని పోల్చి చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. ముందు నల్ల టీషర్టు, వెనక నీలం లైటు. "గది ఉష్ణోగ్రత ఇరవై రెండు డిగ్రీలు" అని మొదలుపెడతారు. మే నెలలో రామగుండంలో ఇరవై రెండు డిగ్రీలు ఉండే చోటు ఒక్కటే. ఐస్‌క్రీము బండివాడు మూత తీసినప్పుడు, ఆ మూతకూ ఐసుకూ మధ్య ఉండే జానెడు జాగా. అక్కడ కార్డు పెట్టుకునేవాళ్లకు ఆ వీడియోలు బాగా ఉపయోగపడతాయి. వాళ్ల ఫ్యాన్లు తెల్లగా ఉంటాయి. మా దగ్గర తెల్ల ఫ్యాను వారం తిరిగేసరికి బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చిన మనిషిలా ఉంటుంది.

నా ఈ వేళాకోళాలన్నీ నా నెత్తికే చుట్టుకున్న వారం ఒకటి ఉంది. అది చెప్పాలి.

మా అక్క పెళ్లి వీడియోల మిక్సింగు చేస్తుంది. ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే బొగ్గుగనికి దగ్గర్లో ఉన్న గని కంపెనీ క్వార్టర్లలో ఆమె ఇల్లు. ముందుగదిలో ఒక మూల బల్ల, దాని మీద కంప్యూటరు, గోడకు తగిలించిన హార్డ్‌డిస్కుల సంచి. అదే ఆమె ఆఫీసు. పెద్దపల్లిలో ఒక ఫొటో స్టూడియో ఆయన పెళ్లిళ్లు షూట్ చేసి పంపితే, అక్క వాటిని కోసి, కూర్చి, పాటలు వేసి సినిమాగా చేసి ఇస్తుంది. నాలుగేళ్లుగా ఆమెకు ఉన్న సొంత పని ఇదొక్కటే. పెళ్లికూతురు కన్నీళ్లు ఎక్కడ ఆపాలో, మేనమామ నోట్ల దండ ఎంతసేపు చూపాలో మా అక్కకు తెలిసినట్టు ఆ నల్ల టీషర్టులకు తెలియదు.

ఆ వేసవిలో ఒక బుధవారం ఆమె పాత కార్డు కాలిపోయింది. చేతిలో ఉన్నది పెద్ద పెళ్లి. గురువారం పొద్దున్నే స్టూడియో ఆయన ఫోన్ చేశాడు. అక్క స్పీకరు పెట్టింది.

"చెల్లె, మంగళవారం సాయంత్రం వరకు పెన్‌డ్రైవు నా చేతిల ఉండాలె. పెండ్లివాళ్లు బుధవారం దుబాయ్ పోతున్నరు. నీతోని కాకపోతే ఇప్పుడే చెప్పు, కరీంనగర్ల ఒకాయన ఉన్నడు. ఇది ఆయనకిస్తే మల్ల సీజన్ మొత్తం ఆయనకే ఇచ్చుడు అయితది. తప్పుగ అనుకోకు."

"నాతోనే అయితది అన్నా" అని అక్క ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. "తమ్మీ, నాకు కార్డుల గురించి ఏం తెల్వదు. ఆగకుంట నడిచేది ఒకటి తే. గంతే."

మా బావ ఓపెన్‌కాస్ట్‌లో డంపరు నడుపుతాడు. ఆయన డ్యూటీ దిగాక చేసేది ఫోనులో కార్డుల వీడియోలు చూడడం. ఇంట్లో కొనేది ఏదైనా సరే, ఫ్రిజ్ అయినా చెప్పులైనా, దాని మీద నలభై వీడియోలు చూశాకే నోరు విప్పుతాడు.

"బామ్మర్ది, మూడు ఫ్యాన్లది తే. ఓవర్‌క్లాక్‌ది. లైట్లున్నదైతే ఇంకా మంచిది" అన్నాడు.

"లైట్లు ఎందుకు బావా, కరెంటు పోతే ఇంట్ల వెలుగు కోసమా?"

"నువ్వు గట్లనే ఎగతాళి చేస్తవ్. లైట్లున్న కార్డుకు కూలింగు ఎక్కువుంటది."

"లైటుకు కూలింగుకు ఏం సంబంధం?"

"వీడియోల చెప్పిండు."

వీడియోల చెప్పిండు అన్న మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు. సరే, మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తేనే ఈ మనిషి నోరు మూస్తాడని అనుకున్నాను. సాదా రెండు ఫ్యాన్ల కార్డు నా దుకాణం మిషన్‌లోనే ఉంది. కరీంనగర్‌లో సామాన్లు అమ్మే పరిచయస్థుణ్ని అడిగితే, డబ్బా విప్పిన మరో రెండు కార్డులు వారానికి ఇచ్చాడు. ఒకటి మూడు ఫ్యాన్ల ఓవర్‌క్లాక్. రెండోది బరాత్ బండి. మూడింటిలోనూ చిప్పు ఒకటే.

గురువారం సాయంత్రం దుకాణంలో పరీక్ష. అక్క ఇచ్చిన పెళ్లి ఫైలులో ఒక ముక్క తీసుకుని, ఒకే మిషన్‌లో ఒక్కో కార్డూ పెట్టి, అదే ముక్కను ఎక్స్‌పోర్టు చేశాను. ఎక్స్‌పోర్టు అంటే కోసి కూర్చిన ముక్కలన్నిటినీ కంప్యూటరు ఒక్క సినిమాగా వండి తీయడం. కార్డుకు చెమట పట్టేది అప్పుడే. బావ స్టూలు మీద కూర్చుని సెల్‌ఫోనులో టైము పెట్టాడు.

సాదా కార్డు నలభై నిమిషాలకు వండింది. మూడు ఫ్యాన్లది ఒక నిమిషం ముందు. బరాత్ బండి ఇంకో పదిహేను సెకన్లు ముందు.

"చూసినవా, లైట్లదే ఫస్టు" అన్నాడు బావ.

"పదిహేను సెకన్లు బావా. నువ్వు స్టూలు మీదికెల్లి లేవడానికి అంతకంటే ఎక్కువ పడుతది."

చల్లదనం మాత్రం ఒప్పుకోవాలి. మూడు ఫ్యాన్లవి రెండూ సాదాదాని కంటే ఏడెనిమిది డిగ్రీలు తక్కువ వేడెక్కాయి, చప్పుడు కూడా తక్కువ. సాదాది గట్టిగా పనిచేసేటప్పుడు పిండి గిర్నీలా మోగుతుంది. కానీ సాదాది ఎక్కిన డెబ్బై చిల్లర డిగ్రీలు కార్డుకు జ్వరమేమీ కాదు, హాయిగా మోస్తుంది. మూడు ఫ్యాన్లదానికి పెట్టే అదనపు డబ్బుతో అక్కకు ఫైళ్లు చకచకా తెరిచే ఎస్ఎస్‌డి డిస్కు ఒకటి వస్తుంది, దానితో నిజంగా పని తొందరగా అవుతుంది. ఇదంతా పెద్ద జడ్జిగారిలా చెప్పి, చివర్న నా గర్వం కొద్దీ ఒక మాట కలిపాను.

"అక్కా, ఈ మూడింట్ల ఏది పెట్టినా నీ పని ఆగది. అసొంటప్పుడు చవుకది పెట్టుకో. ఫికర్ లేదు, నేనున్న."

శుక్రవారం పొద్దున సాదా కార్డు బిగించి వచ్చాను. మధ్యాహ్నం మూడింటికి ఫోన్.

"తమ్మీ, ఆగింది."

అక్క పద్ధతి ఇది. పొద్దుట వంట, బావ డబ్బా, తర్వాత కోతపని. పన్నెండూ ఒంటిగంట మధ్య కోత ముగించి ఎక్స్‌పోర్టు పెట్టేస్తుంది. మూడు గంటలు పట్టే పని, అది నడుస్తుండగా తను ఇంటిపని చూసుకుంటుంది. ఆ రోజు మూడింటికి వచ్చి చూసేసరికి కంప్యూటరు తనంతట తానే ఆరిపోయి ఉంది. అలా అర్ధాంతరంగా ఆరితే, పాడైన ఫైలును మళ్లీ సరిచేసుకోవడానికే ఆమెకు ఆ రాత్రి దాకా పడుతుంది. వెనక నుంచి, ఈ కార్డుల సంగతి తేల్చడానికి సోమవారం దాకా సెలవు పెట్టుకున్న బావ గొంతు వినిపించింది. "చవుకది పెట్టుమన్నది ఎవరో అడుగు."

శనివారం పొద్దున మూడు ఫ్యాన్లది పెట్టాను. ఈసారి అక్కడే కూర్చుని నా కళ్లతో చూస్తానని భీష్మించుకున్నాను. ఒంటిగంటకు ఎక్స్‌పోర్టు మొదలైంది. అంతా సుఖంగా ఉంది. నేను మంచం మీద కాళ్లు చాపుకుని, ఎవరో అపశకునం పట్టిన మనిషి వల్ల నిన్న ఆగిందని బావను ఉడికిస్తున్నాను.

రెండు కావస్తుండగా గని సైరన్ మోగింది.

ఓపెన్‌కాస్ట్‌లో బ్లాస్టింగుకు ముందు మోగే సైరన్ అది. మా వైపు ఆ సైరన్ మోగితే ఎవరూ ఎవరికీ చెప్పరు. తుమ్ము వస్తే చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు చేతులు వాటంతట అవే లేస్తాయి. బావ కిటికీలు మూశాడు. అక్క వంటింట్లో గిన్నెల మీద మూతలు పెట్టి, పాత దుప్పటి తెచ్చి ఒక కొస నాకిచ్చింది. నేను రెండో వైపుకు వెళ్లి పట్టుకున్నాను. ఇద్దరం కలిసి బల్లనూ, దాని మీద ఉన్న కంప్యూటరునూ, తెరనూ, అన్నిటినీ నిండా కప్పాం. అంచులు కింద దోపింది నేనే. బాగా దోపాను. చిన్నప్పటి నుంచి అలవాటున్న చెయ్యి కదా.

తర్వాత నేల అదిరింది, కిటికీ రెక్కలు గలగలమన్నాయి, దుమ్ము లేచింది. దుమ్ము సద్దుమణిగే దాకా ముగ్గురం వెనక అరుగు మీద కూర్చుని చాయ తాగాం. గంట తర్వాత దుప్పటి తీస్తే కంప్యూటరు చచ్చి ఉంది.

ఇప్పుడు రాస్తుంటే చదివేవాళ్లు నా మొహం మీద ఉమ్మేస్తారని తెలుసు. ఆ రోజు మాత్రం నా మొహంలో జ్ఞానం వెలిగిపోతోంది. మిషన్ వెనక చెయ్యి పెట్టి చూసి, కాలింది, చెయ్యి లాక్కుని, "వోల్టేజీ" అన్నాను.

"గని కంపెనీ ఇచ్చే కరెంటుకు వోల్టేజీ ఏంది?" అన్నాడు బావ.

"నీకు తెల్వదు బావా. ఎండకాలం అందరు కూలర్లు ఏస్తరు, మధ్యాహ్నం పడిపోతది." వెళ్లి దుకాణం నుంచి స్టెబిలైజరు మోసుకొచ్చాను. దాంతో పాటు పవర్ సప్లై డబ్బా కూడా మార్చాను. అక్క గోడ మీది క్యాలెండరులో మంగళవారం గడి వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

బావకు అదే అదను. ఆ సాయంత్రమే బరాత్ బండిని బిగించమని పట్టుబట్టాడు. బిగించాను. ఆదివారం అక్క సినిమా మొదటి సగం ఎక్స్‌పోర్టు పెట్టింది. పెట్టింది పెట్టినట్టు పూర్తయింది. మధ్యాహ్నం నాలుగింటికి బావ ఫోన్ చేసి, అరగంట నన్ను కడిగి ఆరేశాడు.

"నీ స్టెబిలైజరు కాదు బామ్మర్ది, లైట్లు. లైట్లది లైట్లదే. తొమ్మిదో తరగతి కూడ పాసుగానోనికి ఏం తెలుస్తది."

"నువ్వు పాసైనవా బావా?"

"నేను వీడియోలన్న చూస్త."

సోమవారం రెండో సగం. ఒంటిగంటకు పెట్టింది. రెండింటికి సైరన్. నేను ఆ వేళకు స్టెబిలైజరు ఎలా పనిచేస్తోందో చూడడానికి వెళ్లి ఉన్నాను. మళ్లీ దుప్పటి కప్పాం. ఈసారి కార్డు లైట్లు ఆ పాత దుప్పటి పలచని చోట్ల నుంచి ఎర్రగా, పచ్చగా, నీలంగా వెలుగుతున్నాయి. లోపల ఎవరిదో పెళ్లి జరుగుతున్నట్టుంది. బావ మురిసిపోయి ఫోనులో ఫొటో తీశాడు. నేను కూడా, నిజం చెప్తున్నాను, బాగుందనే అనుకున్నాను. ఇద్దరు మగవాళ్లం, ఒకడు నలభై వీడియోలవాడు, ఒకడు ఇన్నేళ్ల మెకానిక్కు, ఆ వెలిగే మూటను చూస్తూ చాయ తాగాం. పది నిమిషాల్లో వెలుగు ఆరిపోయింది.

"లైట్లు పోయినయి" అన్నాడు బావ.

అక్క అరుగు మీది నుంచి లేచి వచ్చి, దుప్పటి వైపు చూసి, అలాగే నిలబడింది.

"తమ్మీ, శుక్రవారం ఆగింది. శనివారం ఆగింది. ఇయ్యాల ఆగింది. నిన్న ఆగలే. నిన్న ఏం లేదు?"

"కూలర్లు తక్కువ ఏసిన్రు కావచ్చు."

"ఆదివారం బ్లాస్టింగు ఉండది."

నా బుర్రలో టపీమని వెలిగింది. "అక్కా, అదురు. బ్లాస్టింగు అదురుకు కార్డు గాడి వదులైతున్నది. ఒక స్క్రూ బిగించి, కింద రబ్బరు ముక్క పెడితే..." స్క్రూడ్రైవరు కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

అక్క ఆ దుప్పటి కొస పట్టుకుని సర్రున లాగింది. లోపలి నుంచి వచ్చిన వేడి నా మొహానికి కొట్టింది. అప్పుడే మూత తీసిన అన్నం గిన్నెలా ఉంది.

"నిన్ను గీ దుప్పట్ల సుట్టి, కొసలు దోపి, నెత్తి మీద మూడు గంటల పని పెడితె, నువ్వు నడుస్తవా?"

నేను సంచిలోంచి చెయ్యి తీశాను. బావ మాట్లాడబోయాడు.

"మూడు ఫ్యాన్లున్నయి గదా..."

"మూడు కాదు ముప్పై పెట్టు. దుప్పట్ల ఏ గాలి పీలుస్తది? అది ఊదిన వేడే అది మల్ల మింగుతున్నది. మీరిద్దరు నాలుగు దినాలకెల్లి నా ఇంట్ల కూసోని కార్డులు మార్చుకుంట ఆడుతున్నరు, మంగళవారం రేపే ఉన్నది."

డబ్బా మీది ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ వేళాకోళం చేసినవాణ్ని, నా రెండు చేతులతో నేనే ఆ కార్డులకు ఊపిరి ఆడకుండా దోపాను. వీడియోల పెద్దమనుషులు గది ఉష్ణోగ్రత చెప్పారని నవ్వాను. వాళ్లు కనీసం గది ఎలా ఉందో చూశారు. నేను అదీ చూడలేదు. ఆ దుప్పటి నా కంటికి దుప్పటిలా ఆనలేదు, గోడలో గోడలా, ఇంట్లో ఇల్లులా ఉండిపోయింది.

"మరి కప్పకపోతె బొగ్గు దుమ్ము పడుతది గదా అక్కా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"కప్పుడు బందు ఎవరు చెయ్యమన్నరు? ఆర్పినంక కప్పుత. నడిచేటప్పుడు కప్ప. పొద్దుగాల ఎక్స్‌పోర్టు పెడత, మధ్యాహ్నం ఆర్పి కప్పుత, దుమ్ము పోయినంక కోతపని చేస్త. వంట కొంచెం ఆలస్యమైతే బావ డబ్బాల పెరుగన్నం పడుతది. అంతే కదా?"

బావ తల ఊపాడు. ఊపక చేసేదేమీ లేదు.

"ఇగ ఆ చవుకది పెట్టు" అంది నాతో. "ఏది పెట్టినా నడుస్తది అన్నది నువ్వే గదా. ఆ ఒక్క మాట నిజమే చెప్పినవ్."

మంగళవారం పొద్దున ఆరింటికి సాదా కార్డుతో రెండో సగం మొదలైంది. అది పిండి గిర్నీలా మోగుతూనే ఉంది, తొమ్మిది దాటాక సినిమా బయటికొచ్చింది. అక్క దాన్ని మొదటి నుంచి చివరి దాకా పరుగు పెట్టించి చూసి, పెన్‌డ్రైవులోకి ఎక్కించి, కొంగుకు ముడివేసుకుంది. సంచి మోయడానికి నన్ను తీసుకుని బస్సెక్కింది. సంచిలో మంచినీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. నా మీద ఆమెకు ఇంకా మిగిలిన నమ్మకం అంత.

పెద్దపల్లిలో స్టూడియో ఆయన మమ్మల్ని చూసి కొంచెం ఇబ్బందిగా కదిలాడు.

"నిన్న పొద్దుమూకినా నీ ఫోన్ రాలే చెల్లె. నేను కరీంనగరాయనకు మాట ఇచ్చిన. ఇదొక్కటి తీసుకుంట గని, వచ్చే పెండ్లిళ్లు ఆయనకే."

"మాటే ఇచ్చినవ్, డిస్కు ఇయ్యలే గదా అన్నా. ముందు ఇది చూడు."

ఆయన పెన్‌డ్రైవు పెట్టాడు. నిలబడే చూద్దామనుకున్నాడు, తర్వాత కుర్చీ లాక్కున్నాడు. అప్పగింతల దగ్గర పెళ్లికూతురి తండ్రి మొహం తిప్పుకుని కండువాతో కళ్లజోడు తుడుచుకునే చోట, అక్క పాట ఆపేసి వట్టి పందిరి చప్పుడు మాత్రం ఉంచింది. స్టూడియో ఆయన వెనక్కి జరిపి ఆ ముక్క మళ్లీ చూశాడు. షూట్ చేసింది ఆయనే, అయినా మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

తర్వాత నా వైపు తిరిగి, "మస్తు సాఫుగ వచ్చింది. ఏం కార్డు పెట్టిన్రు తమ్మీ?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. అక్క నా కాలి మీద తన కాలు పెట్టింది, గట్టిగానే.

ఆయన బీరువా తెరిచి రెండు హార్డ్‌డిస్కులు తీశాడు. ఒకటి లోపల పెట్టేశాడు, అది కరీంనగర్ ఆయనకు. రెండోది అక్క చేతికిచ్చాడు. "ఇది చెయ్యి చెల్లె. ఇది మంచిగొస్తే మిగిలినయి ఆలోచిస్త."

సగం పోయింది, సగం మిగిలింది. నా నాలుగు రోజుల తెలివికి అంతకంటే మంచి బేరం రాదు. అక్క ఆ డిస్కును అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతిలోని సంచిలో పెట్టకుండా తన చంకనే ఇరికించుకుంది.

"పొద్దుగాల పదింటి తర్వాత ఎప్పుడన్న ఫోన్ చెయ్యి అన్నా, ఎంతవరకు అయిందో చెప్త" అంది మెట్లు దిగుతూ. "రెండింటికి మాత్రం చెయ్యకు. ఆ టైముల నా ఆఫీసు బందు."